వెల్లకిలా రెండు గంటలు

గింజలు ఆగిన ఇరవై మూడో ఏడు, ఆగస్టు 4, మంగళవారం

ఈ పుస్తకం ఈరోజు మొదలుపెడుతున్నాను. పోషణ కేంద్రం రిజిస్టరులో నా మనవరాలు నాంచారి పేరు ఎదుట నడుము కొలత 61 సెంటీమీటర్లు అని ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు నా టేపుతో నేను కొలిస్తే 69 వచ్చింది. వాళ్లు రాసింది అబద్ధం కాదు. పొద్దున ఏడింటికి కొలుస్తారు, రాస్తారు, పుస్తకం మూస్తారు. మధ్యాహ్నం కొలతకు అందులో గడి లేదు. గడి లేని సంగతిని ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

నా పేరు హంపమ్మ, వయసు డెబ్బై నాలుగు. కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. చేప, కప్ప, తొండ, కోడి, కుందేలు, వీటన్నిటి కడుపులూ కోసి చూపించాను. ఆవు కడుపు చూపించాలంటే మాంసం అంగడి నుంచి బోటి తెప్పించేదాన్ని. తెలియని సంగతి గురించి ఇక్కడ రాయను.

జొన్న కంకులు తాలుపోవడం మొదలై ఇరవై మూడేళ్లయింది. చొప్ప మాత్రం మనిషెత్తు పెరుగుతుంది. మొదటి ఏడాది చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లకు చొప్ప తిని బతికేందుకు కడుపులో ఆవు కడుపు లాంటి నెమరుసంచులు పెట్టారు. నాది మొదటి విడత సంచి. ఎడమ పక్కటెముకల కింద నాకొక రంధ్రం ఉంది, దానికి రబ్బరు బిరడా ఉంది. పడుకోబోయే ముందు బిరడా వదులు చేస్తే లోపలి వాయువు బుస్సుమని పోతుంది. ఇరవై రెండేళ్లుగా రోజూ చేస్తున్న పని, పళ్లు తోముకోవడం లాంటిది.

పిల్లలకు ఈ ఏడు పెడుతున్న కొత్త సంచికి బిరడా లేదు. రంధ్రాల దగ్గర చీము పడుతోందని తీసేశారు. ఒంటి మీద గాటు తప్ప ఏమీ కనబడదు. చూడ్డానికి బాగుందని తల్లిదండ్రులు సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ సంగతి దాచను.

నాంచారికి ఎనిమిదేళ్లు. దానికి సంచి పెట్టింది జూలై 23న. అప్పటి నుంచి నలభై రోజులు, ఆదివారం తప్ప రోజూ పొద్దున కొలతకు కేంద్రానికి, మధ్యాహ్నం అక్కడి హాలుకు పోవాలి. అక్కడ నానబెట్టిన చొప్ప పెడతారు, ఒక గ్లాసు ఊట తాగిస్తారు. ఊట అంటే చొప్పను అరిగించే సూక్ష్మజీవులున్న నీళ్లు. అవి కొత్త సంచిలో నిలదొక్కుకోవడానికి నలభై రోజులు పడుతుంది. తాగించాక పిల్లల్ని బల్లల మీద వెల్లకిలా పడుకోబెట్టి నడుముకు గుడ్డ పట్టీ కడతారు. పన్నెండూ ఇరవై నుంచి రెండూ ఇరవై దాకా కదలకూడదు.

ఈరోజు తీసుకురావడానికి పోతే నాంచారి గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

"జేజీ, ఊపిరి సరిగా ఆడల్యా" అంది.

"కడుపు నొస్తోందా?"

"నొప్పి ల్యా. బిగుతుగా ఉండాది."

మెట్ల మీద కూర్చోబెట్టాను. కూర్చున్న అర నిమిషానికి పెద్ద త్రేన్పు వచ్చింది, తర్వాత వరుసగా ఇంకో ఆరు. ముఖంలోకి రంగు వచ్చింది. మూడూ పదికి నడుము 63.

ఒక్క పూట లెక్కతో తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదు. రేపు హాల్లోకి పోతాను.

ఆగస్టు 5, బుధవారం

హాలు ఒకప్పుడు విత్తనాల గోదాము. పదేసి చొప్పున రెండు వరుసల్లో ఇరవై బల్లలు, బల్లకో నంబరు. చూసుకునేది మస్తాన్‌బీ. నలభై ఏళ్ల మనిషి, గట్టిది.

"పెద్దమ్మా, లోపలికి పెద్దోళ్లు రాగూడదు" అంది.

"నేను పెద్దదాన్ని కాదు, ముసలిదాన్ని. ముసలోళ్లు రాగూడదని ఎక్కడ రాసుందో చూపించు."

గోడ మీది బోర్డు మొత్తం చదివింది. ముసలోళ్ల మాట లేదు. స్టూలు తెచ్చి వేసింది.

నాంచారి తొమ్మిదో బల్ల. దాని తల దగ్గర కూర్చుని గడియారం చేతిలో పెట్టుకున్నాను. మేసి నిలబడ్డ ఆవు దాదాపు నిమిషానికొకసారి త్రేన్చుతుంది. నా మనవరాలు వెల్లకిలా పడుకుని నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా త్రేన్చలేదు. మిగతా పందొమ్మిది మందిలో కలిపి మూడు త్రేన్పులు. ఆ మూడూ పట్టీ జార్చుకుని ఎడమ పక్కకు ఒత్తిగిలిన ఇద్దరు పిల్లలవి. మస్తాన్‌బీ వచ్చి ఆ ఇద్దరినీ తిప్పి, వెల్లకిలా పడుకోబెట్టి, పట్టీ బిగించింది.

ఒంటిగంటకు నాంచారి పట్టీ నేనే విప్పి లేపి కూర్చోబెట్టాను. నాలుగు త్రేన్పులు. గోదాము కప్పు కింద అవి గట్టిగా వినిపించాయి. పిల్లలందరూ నవ్వారు.

"నాలుగు, జేజీ. రాస్కో" అంది నాంచారి.

"పెద్దమ్మా, ఏం పని ఇది? కుట్లు పిగిల్తే నా పని పోతాది" అంది మస్తాన్‌బీ. "రూలు నేను పెట్టల్యా. పై నుంచి వచ్చింది."

"పై నుంచి రూలు పంపినవాడు ఒక్కరోజు ఇక్కడ కూర్చున్నాడా?"

"ఎవురూ రారు. నువ్వే మొదుట."

ఇంట్లో మా అబ్బాయికి చెప్పినట్లే ఇక్కడా రాస్తాను. సంచిలో అడుగున నీళ్లూ చొప్పా, పైన వాయువు ఉంటాయి. వాయువు పోయే దారి ఆహారవాహిక ఒక్కటే, అది సంచిలోకి తెరుచుకునే మూతి వీపు వైపు ఉంది. ఆవు నాలుగు కాళ్ల మీద నిలబడితే వీపు పైన ఉంటుంది గనుక వాయువు మూతి దగ్గరే చేరుతుంది. అదే ఆవు వెల్లకిలా పడితే నీళ్లు వచ్చి మూతిని ముంచేస్తాయి. వాయువు పొట్ట వైపు చేరి అక్కడే పెరుగుతుంది. బల్ల మీద వెల్లకిలా ఉన్న ఈ పిల్లల లోపల జరిగేదీ అదే.

కడుపు పగులుతుందని నాకు భయం లేదు. భయం ఉదరవితానం గురించి. కప్పకు ఊపిరితిత్తులు, కడుపు, కాలేయం అన్నీ ఒకే గదిలో ఉంటాయి. మనకు అలా కాదు. ఛాతీకీ పొట్టకూ నడుమ కండ తెర ఒకటి ఉంది, అది కిందికి దిగితేనే ఊపిరి లోపలికి వస్తుంది. సంచి ఉబ్బితే కింద ఎముకల గిన్నె, వెనక వెన్నెముక, ముందు బిగించిన పట్టీ. పోవడానికి మిగిలిన దిక్కు పైన తెర ఒక్కటే. అది దిగదు. నొప్పి లేకుండా ఊపిరి ఆగుతుంది. నొప్పి లేదు కాబట్టి పిల్ల ఏడవదు, ఏడవదు కాబట్టి ఎవరూ చూడరు.

ఆగస్టు 6, గురువారం

నిన్నటి గొడవతో నన్ను హాల్లోకి రానివ్వలేదు. సాయంత్రం ఇంట్లో పరీక్ష. తిన్న గంటకు, ఒక్కో భంగిమలో పది నిమిషాలు. వెల్లకిలా మాత్రం అయిదు నిమిషాలకు మించనివ్వలేదు.

కూర్చుని 9 త్రేన్పులు. ఎడమ పక్కకు 6. కుడి పక్కకు 1. వెల్లకిలా 0.

కుట్లు చూశాను. పద్నాలుగు రోజులైంది, పొడిగా ఉన్నాయి. కూర్చున్నందుకు ఏ కుట్టూ లాగలేదు. ఇంట్లో పడుకునేటప్పుడు ఈ పిల్ల మొదటి నుంచీ ఎడమకే ముడుచుకుంటోంది. దాని ఒంటికి తెలిసింది కేంద్రానికి తెలియలేదు.

"బళ్లో ఎవురు ఎక్కువ తేపులు తేస్తారో పందెం పెట్టుకుంటిమి, జేజీ. నేనే ఫస్టు" అంది నాంచారి.

"రెండో స్థానం ఎవరిది?"

"సుంకమ్మది. పద్నాలుగో బల్ల. అది కూర్చున్నప్పుడు బాగా తేస్తాది."

ఆగస్టు 7, శుక్రవారం

పద్నాలుగో బల్ల పిల్ల సుంకమ్మ, ఏడేళ్లు, ఈరోజు మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి హాల్లో చనిపోయింది.

కేంద్రం ఇచ్చిన చీటీలో కారణం 'గుండె బలహీనత' అని ఉంది.

మూడింటికి వాళ్లింటికి పోయాను. తండ్రి ఈరన్న, గొర్రెలు కాసిన వంశం. ఇప్పుడు గొర్రెలు లేవు. వాటి గడ్డి మనం తింటున్నాం కాబట్టి మనుషులే మిగిలారు. అతను పిల్ల పక్కన కూర్చున్నాడు. అనుమతి అడిగాను, తలూపాడు. రెండు వేళ్లు ఆనించి మూడో వేలితో పొట్ట మీద తట్టాను. బొడ్డు దగ్గర పలక మీద కొట్టినట్లు మోగింది. నడుముల దగ్గర మొద్దుగా ఉంది. పొట్ట వైపు వాయువు, వీపు వైపు నీళ్లు. నడుము 74. పెదవులు నీలం. గోళ్లు నీలం.

"గుండెది ఏనాడూ చెప్పల్యామ్మా మాకు" అన్నాడు ఈరన్న. "గుండె ఎట్ల బలహీనమైతాది? పొద్దన గూడ చొప్పకట్ట నెత్తిన పెట్టుకోని వచ్చింది."

"గుండె కాదు" అన్నాను.

"మా తాత చెప్పేవాడు" అన్నాడు. "గొర్రె సాల్లో పడి కాళ్లు పైకి పెట్టుకుంటే ఉన్న పని ఇడిసిపెట్టి పోయి దాన్ని నిలబెట్టాలంట. నీళ్లు తాగించేది, మందు పోసేది తరవాత, ముందు నిలబెట్టాల. లేకుంటే పొట్ట ఉబ్బి సస్తాది అని. ఇదీ అదేనా?"

"అదే."

"మరి వాళ్లు సదువుకున్నోళ్లు గదా."

గొర్రెల కాపరికి తెలిసిన సంగతి ఇది. మూడు అంతస్తుల కేంద్రంలో ఇరవై ఆరుమంది పనిచేస్తున్నారు, వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. పై మూడు పంక్తులు కోపంతో రాశాను, మళ్లీ రాయను.

ఆగస్టు 8, శనివారం

పొద్దున తొమ్మిదికి డాక్టర్ పెన్నోబిలేసు గదిలో ఉన్నాను. కొత్త సంచి రూపం ఇతనిదే. ఒకప్పుడు నా విద్యార్థి, రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చునేవాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి మేడమ్. నిన్న జరిగినదానికి మేమందరం బాధపడుతున్నాం."

"బాధ తర్వాత. వెల్లకిలా పడుకోబెట్టే రూలు ఎవరు రాశారు?"

"మా డిజైన్ విభాగం."

"ఎందుకు వెల్లకిలా? కుట్ల కోసమా?"

"కుట్లు ఒక కారణం. వాయువు సులభంగా పోవడం రెండో కారణం."

నేను సరిగా విన్నానో లేదోనని మళ్లీ చెప్పమన్నాను. అదే చెప్పాడు. బీరువా తెరిచి ఒక ఫైలు తీసి, అందులో నుంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన పాత కాగితం బల్ల మీద పెట్టాడు.

"మా కుర్రాళ్లు దీన్ని ఆధారం చేసుకున్నారు" అన్నాడు. "మీ కాగితమే మేడమ్."

ఆవు ఉదరకుహరం, ఎడమ పక్క నుంచి చూసిన బొమ్మ. మూల మీద నా పేరు, ఏడాది. నా చేతి గీత. ఆవు తల ఎడమకు, వీపు పైకి. సంచిలో అడుగు భాగం గీతలతో నింపి 'ద్రవం, గడ్డి' అని రాశాను. పైభాగం ఖాళీగా వదిలి 'వాయువు' అని రాశాను. చుట్టూ గీత గీసి, కాలేయానికీ ప్లీహానికీ గీసినట్లే, అదీ ఒక అవయవం అన్నట్లు గీశాను.

"వాయువు వీపు వైపు ఉంటుంది, మూతీ అక్కడే ఉంటుంది అని బొమ్మలో ఉంది కదా" అన్నాడు. "వీపు మీద ఆనుకుని పడుకుంటే రెండూ దగ్గరగా ఉంటాయనుకున్నారు. రాసినవాళ్లకు ఇరవై నాలుగేళ్లు మేడమ్. ఆవును చూడలేదు వాళ్లు."

"నువ్వు చూశావు కదా ఓబిలేసూ. మీ ఇంట్లో రెండు ఆవులుండేవని నాకు తెలుసు. వాయువుకు ఒంట్లో చోటు లేదు, దిక్కు ఉంది. ఏ పక్క పైకుంటే అక్కడుంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఒక్కసారి ఆ కాగితం కిందా మీదా తిప్పి చూడలేకపోయావా?"

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ వారం నా ముందుకు నూట నలభై రూల్స్ వచ్చాయి."

"ఇది నూట నలభైలో ఒకటి. సుంకమ్మ వాళ్లింట్లో ఒక్కతే."

తర్వాత గుర్రం ప్రస్తావన నేనే తెచ్చాను. ఈ సంచుల పథకం మొదలైనప్పుడు ఆవు వద్దని నేను ఉత్తరం రాశాను. గుర్రానికీ కుందేలుకీ గడ్డి పులిసేది చిన్నపేగు చివర, అంధనాళంలో. అది గొంతుకు దూరం, వాయువు వెనక నుంచి పోతుంది, ఉదరవితానాన్ని నొక్కే బెడద తక్కువ. మనిషికీ అంధనాళం ఉంది, చిన్నది. దాన్నే పెంచమన్నాను.

"ఆ ఉత్తరం నేను చదివాను" అన్నాడు. "కుందేలు తన పెంటికలు తానే తింటుందని కమిటీలో ఎవరో అన్నారు. జనం ఒప్పుకోరని అక్కడితో ఆపేశారు."

"గుర్రం తినదు."

"గుర్రం దాకా చర్చ రాలేదు మేడమ్."

నవ్వు రావలసిన చోటే. రాలేదు.

రూలు ఈరోజే ఆపమన్నాను. కమిటీ పందొమ్మిదో తేదీన కూర్చుంటుందన్నాడు. నా లెక్కలు ఒక్క పిల్లవి, ఇంట్లో తీసినవి, వాటిని పట్టుకుని రూలు ఆపే అధికారం తనకు లేదన్నాడు. అతని గొంతులో అధికారం కంటే భయం ఎక్కువుంది. రూలు తప్పని ఒప్పుకుంటే సుంకమ్మ చీటీ తప్పవుతుంది. దాని మీద సంతకం ఇతనిది.

పందొమ్మిదికి ఇంకా పదకొండు రోజులు. ఆదివారాలు తీసేస్తే తొమ్మిది మధ్యాహ్నాలు, పందొమ్మిదిమంది పిల్లలు.

నా సంగతి కూడా రాయాలి. దిక్కు బాణాలు లేకుండా బొమ్మ గీసిన ప్రతి విద్యార్థికీ అర మార్కు తీసేసేదాన్ని. ఆ కాగితం మీద బాణాలు లేవు. అచ్చులో అంచు తెగి పోయి ఉండవచ్చు, నేనే మరిచి ఉండవచ్చు. ఏదైనా సరే, క్లాసులో పంచే ముందు చూసుకోవలసింది నేను. వాయువు చుట్టూ గీత గీసిన చెయ్యి కూడా నాదే.

ఆగస్టు 9, ఆదివారం

హాలుకు సెలవు. ఇంట్లో గొడవ.

మా అబ్బాయి ఎర్రిస్వామి కేంద్రంలోనే చొప్ప కోసే మిషను మీద పనిచేస్తాడు. నాంచారి తల్లి లేదు, రెండేళ్ల కిందట పోయింది. రేపటి నుంచి పిల్లను హాలుకు పంపనని చెప్పాను.

"అమా, నువ్వు గమ్మునుండు" అన్నాడు. "హాలుకు పోకపోతే ఊట ఎవురిస్తారు? ఈ నలభై దినాల్లో ఆదివారం గాక రెండు దినాలు తప్పితే సంచి పులిసిపోతాదని వాళ్లే సెప్పినారు. పోయినేడు ఒకడు అట్లనే సచ్చిపాయ."

"ఊట ఇంటికి ఇమ్మని అడుగు."

"అడిగినా. హాల్లో తాగి బల్ల మింద పండుకునేవాళ్లకే అంట. ఊట, బల్ల, రెండూ ఒకటే రూలంట."

"అయితే బల్ల మీద చస్తుంది, లేదా ఇంట్లో చస్తుంది. నువ్వు ఏది కోరుకుంటావు?"

అనకూడని మాట. అన్నాను. వాడు లేచి బయటికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. "నువ్వేమన్నా సెయ్‌గల్గుతావా మా? సెయ్‌గల్గితే సెప్పు. ల్యాకుంటే రేపు నేనే ఎత్తుకోనిపోయి బల్ల మింద పెడ్తా. నా కూతురు ఆకలికి పోగూడదు" అన్నాడు.

గంటసేపు ఆలోచించాను. ఊట అంటే ఏమిటి? కేంద్రం తొట్లలో పెంచే సూక్ష్మజీవులు. ఆ తొట్లకు మొదటి విత్తనం ఎక్కడ నుంచి వచ్చింది? ఆవుల నుంచి, తర్వాత మా సంచుల నుంచి. పశువుల ఆసుపత్రిలో జబ్బు పడ్డ ఆవుకు మంచి ఆవు కడుపులోని నీళ్లు తీసి తాగించేవాళ్లు. నేనే రెండుసార్లు చూశాను. ఇరవై రెండేళ్లుగా నా లోపల పులుస్తున్నదాన్ని నేను మోస్తూ తిరుగుతున్నాను. దానికి బిరడా కూడా ఉంది.

ఎర్రిస్వామికి చెప్పాను. నా ముఖం కేసి, తర్వాత నా పక్క కేసి చూశాడు.

"అది పాపకు పడకపోతే?"

"పడకపోవచ్చు. ఏ సంగతో సాయంత్రం లోపల వాసనలో తెలుస్తుంది. పడలేదని తెలిస్తే నువ్వు ఎల్లుండి హాలుకు తీసుకుపో, ఒక్క పూటే తప్పినట్లు."

"సరే. ఒక్క దినం" అన్నాడు.

ఆగస్టు 10, సోమవారం

ఉదయం 11:40. బిరడా తీసి రబ్బరు గొట్టంతో 200 మిల్లీలీటర్లు తీశాను. పలుచని గుడ్డలో వడకడితే 150 మిగిలింది. రంగు పచ్చగా, వాసన తడి గడ్డిలా ఉంది, పులుపు లేదు. కాలేజీ మూసినప్పుడు తెచ్చుకున్న సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క పెట్టాను. జీవులు గుంపులుగా, చురుగ్గా ఈదుతున్నాయి. నాంచారిని కూడా చూడనిచ్చాను.

"ఇవి నీ కడుపులో ఉండాయా జేజీ?"

"ఇరవై రెండేళ్ల నుంచి."

"ఇవి నేను తాగల్నా? ఛీ."

"దూడకు ఇవి ఎక్కడ నుంచి వస్తాయో తెలుసా? తల్లి నాకితే వస్తాయి."

"నువ్వు ఆవు కాదు గదా."

"సగం అవును. ముక్కు మూసుకుని తాగు."

తాగింది. బెల్లం లేదు, ఇంత ఉప్పు నాలుక మీద వేశాను. 12:20కి నానబెట్టిన చొప్ప పెట్టాను. రెండు గంటలు నా ఒడిలో, నా ఛాతీకి వీపు ఆనించి కూర్చోబెట్టుకున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. 52 త్రేన్పులు. లెక్క తప్పితే అదే గుర్తుచేసింది. నడుము 12:20కి 61, ఒంటిగంటా ఇరవైకి 63, రెండూ ఇరవైకి 62.

సాయంత్రం అయిదుకు నోటి వాసన చూశాను. పులుపు లేదు. నెమరు మామూలుగా వేసింది, ముద్దకు 48 సార్లు నమిలింది. ఎర్రిస్వామి పని నుంచి వచ్చి ముందు కూతురి నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాడు, తర్వాత కాళ్లు కడుక్కున్నాడు.

ఆగస్టు 11, మంగళవారం

రెండో రోజు కూడా అదే. 150 మిల్లీలీటర్లు, 49 త్రేన్పులు, నడుము అత్యధికంగా 63. ఇది యాదృచ్ఛికం కాదని ఇప్పుడు రాయగలను.

మూడున్నరకు మస్తాన్‌బీ మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడింది.

"పెద్దమ్మా, ఆరో బల్ల పాప ఈపొద్దు నీలంగా అయిపాయ. నీ మాట గుర్తొచ్చె. పట్టీ కోసేసి లేపి కూకోబెడ్తి. గంట కొట్టినట్ల తేన్చింది. బతికింది."

"మంచి పని చేశావు."

"మంచి పనే. రేపట్నుంచి రావద్దన్నారు. రూలు తప్పినానంట. కొత్త మనిషిని పెడ్తాండారు. అప్పటిదాకా పద్దెనిమిదిమంది కదలకుండా చూడమని ఇద్దరు మొగోళ్లను గూడ పెడ్తారంట." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పద్నాలుగో బల్ల పాపకు పట్టీ కట్టింది నేనే. నీకు ఆ మాట సెప్పల్ల అని వచ్చినా."

లోపలికి రమ్మన్నాను. కూర్చుంది. నాంచారి మంచినీళ్లు ఇచ్చింది. పద్దెనిమిదిమంది పిల్లల పేర్లూ, ఇళ్లూ, సంచి పెట్టిన తేదీలూ మస్తాన్‌బీకి నోటికి వచ్చు. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. అయిదింటికి ఈరన్న వచ్చాడు. నేను పిలవలేదు, ఎర్రిస్వామి పిలిచాడు. ఊళ్లో బిరడా సంచులున్న ముసలివాళ్లు నలభై ఒక్కమంది. ఆరుంబావుకల్లా ఈరన్న పదకొండుమందితో మాట్లాడి వచ్చాడు, ఒక్కరూ కాదనలేదట.

పెన్నోబిలేసు మంచివాడని మస్తాన్‌బీ అంది. నిజమే కావచ్చు. పందొమ్మిదో తేదీ దాకా ఆగగల మంచితనం అది. నాకు అంత తీరిక లేదు.

జరగవలసినవి:

1. రేపు పొద్దున ఎనిమిది లోపల పద్దెనిమిది ఇళ్లకూ పోవాలి. తొమ్మిది ఇళ్లు మస్తాన్‌బీ, తొమ్మిది నేను. పిల్లను హాలుకు పంపవద్దని చెప్పడం మాత్రమే కాదు, ఊట ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. రెండో మాట లేకుండా మొదటి మాట చెప్పకూడదు.

2. ఒక్కో పిల్లకు 150 మిల్లీలీటర్లు, పద్దెనిమిదిమందికి 2,700. ఒక్కో ముసలివారి నుంచి రోజుకు 300 మించి తీయకూడదు. తొమ్మిదిమంది చాలు, పదకొండుమంది ఉన్నారు. నా నుంచి నాంచారికి మాత్రమే.

3. తీసిన ప్రతి గ్లాసూ ముందు నా సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. కదలిక లేనిదీ, పులుపు వాసన ఉన్నదీ పారబోయాలి. ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

4. తిన్నాక రెండు గంటలు కూర్చోబెట్టాలి. కూర్చోలేని పిల్లను ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. కుడికి వద్దు. వెల్లకిలా ఎంతమాత్రం వద్దు. పట్టీలు తీసేయాలి.

5. ప్రతి పిల్ల నడుము పన్నెండూ ఇరవైకి, ఒంటిగంటా ఇరవైకి, రెండూ ఇరవైకి కొలవాలి. మూడు గడులున్న కాగితాలు ఎర్రిస్వామి ఈ సాయంత్రమే గీస్తున్నాడు. పందొమ్మిదిన కమిటీ ముందు పెట్టేది ఆ కాగితాలే. అప్పుడు ఒక్క పిల్ల లెక్క అని ఎవరూ అనలేరు.

6. కొత్త సంచికి మళ్లీ బిరడా పెట్టాలి. చీము పడితే కడుక్కోవచ్చు.

7. నా పాత కాగితం ప్రతులన్నీ వెనక్కి తెప్పించి, నాలుగు బాణాలు గీసి, 'వాయువు' చుట్టూ ఉన్న గీత చెరిపి, కొత్తది ఇవ్వాలి.

8. సుంకమ్మ చీటీలో 'గుండె బలహీనత' కొట్టివేసి, 'తిన్న తర్వాత వెల్లకిలా కట్టి పడుకోబెట్టినందువల్ల ఊపిరాడక' అని రాయాలి. దాని కింద రూలు మీద సంతకం పెట్టినందుకు పెన్నోబిలేసు సంతకం, బొమ్మ గీసినందుకు నా సంతకం ఉండాలి. ఆ చీటీ మేమిద్దరం నడిచిపోయి ఈరన్న చేతికి ఇవ్వాలి. అతను చదవమంటే అక్కడే నిలబడి చదవాలి.